హూన్యా అనే వరుస

దేవరకొండ సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుంగ
జిరాక్సు మిషనుకు చాయ్ బండికి నడుమ
ఆరడుగుల డబ్బా నాది.
అర్జీలు కొడత, దస్తావేజులు కొడత,
ఎండకాలం పెండ్లిపత్రికలు గూడ.

కొత్త కంప్యూటరు వచ్చిన పొద్దు
ఎడిటరు తెరిస్తే కండ్లల్ల సున్నం కొట్టినట్టుండె.
అది నాది కాదు. ఎవ్వరిదీ కాదు.
పెన్‌డ్రైవుల నుంచి ఒక్క ఫైలు దించిన,
మూడొందల పన్నెండు వరుసలు.
మళ్ళ తెరిస్తే
మా చెలకల్ల లేని నల్లరేగడి తెర మీద,
జొన్నగింజ రంగుల అక్షరాలు.
నా దుకాణం నాకొచ్చింది.

మా నాయిన తాడెక్కెటోడు.
తాళ్ళు ఎవలయన్నా ఎక్కిండు గని
ఇంకొకల మోకు నడుముకు సుట్టుకోలే ఎన్నడు.

ఈ ఫైలు సగం సత్తార్ సాబ్‌ది,
నాకంటె ముందు ఈ కుర్చీల కూసున్న మనిషి.
నలభై ఒకటో వరుస మీద రాసిపెట్టిండు:
ఇది ఎందుకుందో యాదికి లేదు, తీయకు బేటీ.
ఒకపారి తీసిన. ప్రింటరు మూగవోయింది.
మళ్ళ పెట్టిన. అంతే.

మిగిలినయి నావి.
అక్షరం సైజు ఇరవై, నా కండ్ల కోసం గాదు.
బల్ల అవుతల నిలవడ్డోళ్ళు చూస్తరు,
చదువు రానోళ్ళు గూడ
తమ పేరు పడుతుంటే వంగి చూస్తరు, అందుకు.
రెండు సెకన్లకొకపారి దానంతటదే సేవ్;
కరెంటును నమ్మి బాగుపడ్డోళ్ళు లేరిక్కడ.
"గౌత" అని కొడితే
గౌరవనీయులైన తహసీల్దారు గారికి నమస్కరించి వ్రాయునది.
దినాం నలభై నమస్కారాలు, రెండక్షరాలల్ల.

నూటపదహారో వరుస కథ వేరే.

జర్పుల హూన్యా.
ఎకరం ముప్పై గుంటలు. పాసుబుక్కుల ఎక్కలే.
మొదటి అర్జీల ఆ పేరు కింద ఎర్రగీత పడ్డది,
నేను చూడలే. మిషనే దిద్దింది:
జర్పుల శూన్య.
మూడు నెలలకు జవాబొచ్చింది,
ఆ పేరు గల వ్యక్తి ఎవరూ లేరని.
కాయితం నా ముంగట పరిచి
ఏమన్నరు బిడ్డా, అన్నడు.
నువ్వు లేవన్నరు అని ఎట్ల జెప్పాలె?

ఆ రాత్రి షెట్టరు సగం దించి రాసిన.
దిద్దుడు బంద్. ఎర్రగీత బంద్.
దాని మీద మిషనుకే ఒక మాట:
నీకు తెల్వని పేరు తప్పు పేరు కాదు.
కింద ఇంకో వరుస.
"హూ" కొట్టి ఖాళీ మీట నొక్కితే
జర్పుల హూన్యా, తండ్రి లాల్యా,
సర్వే నంబరు, హద్దులు,
ఉత్తరాన వాగు, దక్షిణాన బోడగుట్ట,
చాప పరిచినట్టు.
చూసి నవ్వేటోడు:
నా భూమి నీ రెండు వేళ్ళ కిందనే ఉన్నది గదా!
పది అర్జీలు.
ఏడోదాని నుంచి పైసలు తీసుకోలే నేను.
సీతాఫలాలు తెచ్చి ప్రింటరు మీద పెట్టిపోయేటోడు.

మొన్న ముసురుల ఆయన బిడ్డ దేవ్లి వచ్చింది.
పదకొండో అర్జీ. గదే భూమి.
అలవాటు, "హూ" అని కొట్టిన.
తండ్రి నిండుగ తెర మీద పరుచుకున్నడు.
చదువుకున్న పిల్ల. చూసింది. ఏమనలే.
నేనే వెనక్కొచ్చి
పేరు ముందట కీ.శే. చేర్చిన.

ఫైలు తెరిచిన. ఆ వరుస తుడువ చేయి రాలే.
మొదట్ల ఒక గుర్తు పెట్టిన.
ఆ గుర్తుంటే మిషను చదువకుంట దాటిపోతది,
ఫైలు తెరిచిన మనిషి చదువుతది.
రేపు ఈ కుర్చీల ఎవలు కూసుంటరో, ఆళ్ళకు.
దాని కింద కొత్తది:
"దే" కొడితే దేవ్లి, తండ్రి కీ.శే. హూన్యా,
ఉత్తరాన వాగు.

ఎంతక్కా, అన్నది పర్సు తీసి.
గప్పుడే కరెంటు పోయింది.
రెండు సెకన్లు అయినయో కాలేదో,
ఇద్దరం ఆ చీకట్ల
లెక్కవెట్టుకుంట కూసున్నం.